కొత్తూరు కొలిమి, బ్రస్సెల్స్ గది: ఉక్కు కంపెనీలు యూరప్ చట్టాలను ఎట్లా రాయించుకుంటాయి?

హైదరాబాద్ నుంచి పాలమూరు వైపు హైవే మీద ఎప్పుడన్నా వచ్చారా? శంషాబాద్ దాటినాక కొత్తూరు, షాద్‌నగర్, బాలానగర్, జడ్చర్ల. ఈ దారిలో అక్కడక్కడా పెద్ద పెద్ద రేకుల షెడ్లు కనపడతాయి. పాత ఇనుము నింపుకున్న లారీలు లోపలికి పోతుంటాయి. సలాకల కట్టలు వేసుకున్న లారీలు బయటికి వస్తుంటాయి. కొత్తూరు, షాద్‌నగర్ ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలోకి పోయాయి కానీ, 2016 దాకా అవి మహబూబ్‌నగర్ జిల్లావే.

ఆ షెడ్డు లోపల జరిగే పని సింపుల్‌గా చెప్తాను. పాత ఇనుమునీ, స్పాంజ్ ఐరన్‌నీ కలిపి కరెంటు కొలిమిలో కరిగిస్తారు. దీన్నే ఇండక్షన్ ఫర్నేస్ అంటారు. కరిగిన లోహాన్ని పొడుగాటి దిమ్మెలుగా పోస్తారు. ఆ దిమ్మెలను ఎర్రగా ఉన్నప్పుడే రోలర్ల మధ్య నుంచి లాగితే సలాక అవుతుంది. దాని మీద ఒక్కసారిగా నీళ్లు కొడితే పైపొర గట్టిపడుతుంది, లోపల కొంచెం మెత్తగా ఉంటుంది. అదే మన స్లాబుల్లో, పిల్లర్లలో వేసే టీఎంటీ సలాక.

ఇప్పుడు అసలు విషయం. ఈ కొలిమికి కావాల్సింది పాత ఇనుము, అంటే తుక్కు. మన దేశంలో దొరికే తుక్కు సరిపోదు, అందుకే బయట నుంచి కూడా తెచ్చుకుంటాం. ప్రపంచంలో తుక్కు ఎక్కువగా అమ్మే చోట్లలో యూరప్ ఒకటి. అక్కడి నుంచి ఏటా కోటిన్నర టన్నులకు పైగా ఇనుప తుక్కు బయటికి పోతుంది. ఎక్కువ భాగం టర్కీకి. ఆ తర్వాత ఈజిప్ట్, భారత్, పాకిస్తాన్ లాంటి దేశాలకు.

2024లో యూరోపియన్ యూనియన్ ఒక చట్టం తెచ్చింది. వ్యర్థాల రవాణా మీద చట్టం అది. దాని ప్రకారం 2027 మే 21 నుంచి, ఓఈసీడీ అనే ధనిక దేశాల కూటమిలో లేని దేశాలకు తుక్కు పంపాలంటే, ఆ దేశం ముందే దరఖాస్తు పెట్టుకుని "మేము దీన్ని పర్యావరణానికి హాని లేకుండా వాడుకుంటాం" అని నిరూపించుకోవాలి. బ్రస్సెల్స్ తయారుచేసే లిస్టులో పేరు ఉండాలి. భారత్ ఓఈసీడీలో లేదు.

ఈ చట్టం వెనక మంచి ఉద్దేశం లేదని నేను అనను. ప్లాస్టిక్ చెత్తను పేద దేశాల మీద పారబోయడం ఆపాలన్నది అందులో పెద్ద కారణం. కానీ ఇనుప తుక్కు కూడా ఈ కట్టడిలోకి రావాలని గట్టిగా కోరుకున్నవాళ్లు ఒకరున్నారు. యూరప్ ఉక్కు కంపెనీల సంఘం, యూరోఫర్. ఎందుకంటే తుక్కు బయటికి పోకుంటే అక్కడే ఉంటుంది, అక్కడి కొలిమిలకు అందుబాటులో ఉంటుంది. తుక్కు అమ్ముకునే వ్యాపారుల సంఘం మాత్రం వద్దని వాదించింది.

అడగడం తప్పు కాదు. ఎవరి పరిశ్రమ గురించి వాళ్లు అడుగుతారు. నాకు వచ్చిన డౌట్ వేరే. కొత్తూరులో కొలిమి నడిపేవాడికి, దాని ముందు చెమటలు కక్కే కూలీకి, సలాక కొని ఇల్లు కట్టుకునేవాడికి సంబంధించిన ఒక రూలు ఏడు వేల కిలోమీటర్లకు పైగా అవతల తయారవుతుంటే, ఆ గదిలో కూర్చున్నది ఎవరు? వాళ్లకు ఆ కుర్చీ ఎట్లా వచ్చింది? ఈ ఎపిసోడ్ అంతా ఆ కుర్చీ చరిత్రే.

మొదట ఒక చిన్న మాట. "పైరవీ" అనే పదం మనందరికీ తెలుసు. మన దగ్గర పైరవీ అంటే ట్రాన్స్‌ఫర్ కోసమో, బిల్లు పాస్ కావడం కోసమో ఒక మనిషి ఇంకో మనిషిని పట్టుకోవడం. లాబీయింగ్ దానికి అన్నలాంటిది. అక్కడ అడిగేది ఒక ఫైలు గురించి కాదు. రూలునే తమకు తగ్గట్టు రాయమని అడుగుతారు. ఆఫీసు పెట్టి, ఉద్యోగులను పెట్టి, లెక్కలు తయారుచేసుకుని, బహిరంగంగా అడుగుతారు. బ్రస్సెల్స్‌లో దీనికి ఒక రిజిస్టర్ కూడా ఉంది. అందులో 12 వేలకు పైగా సంస్థల పేర్లున్నాయి.

సరే, వెనక్కి పోదాం. బాగా వెనక్కి.

ఒకప్పుడు ఉక్కు ఇటు నుంచి అటు పోయేది. గోల్కొండ రాజ్యం ఉక్కు గురించి 17వ శతాబ్దంలో ఫ్రెంచ్ వర్తకుడు తావెర్నియే రాశాడు, డమాస్కస్ కత్తులకు పనికొచ్చేది అదేనని. నిజామాబాద్ వైపు కోనసముద్రం అనే ఊళ్లో 19వ శతాబ్దం మొదట్లో హెన్రీ వాయిసీ అనే ఇంగ్లిష్ డాక్టర్ కొలిమిలు చూశాడు. ఇరాన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడు అక్కడే దగ్గరుండి ఉక్కు కొనుక్కోవడం గురించి రాశాడు. మన "ఉక్కు" అనే మాటే ఇంగ్లిష్ వాళ్ల నోట్లో "వూట్జ్" అయింది. 1795లో లండన్ రాయల్ సొసైటీలో జార్జ్ పియర్సన్ దాని మీద పేపర్ చదివాడు. 1819లో మైకేల్ ఫారడే, అవును, మనం ఫిజిక్స్‌లో చదువుకునే ఫారడేనే, దాన్ని పరీక్షించి ఇందులో ఏముందో తేల్చాలని చూశాడు.

అప్పుడు సరుకు బాగుంటే కొనేవాడు కొలిమి దగ్గరికే వచ్చేవాడు. తర్వాత యూరప్‌లో భారీ ఫ్యాక్టరీలు వచ్చాయి. ఉక్కు అంటే కత్తి కాదు, రైలు పట్టా, ఓడ, ఫిరంగి. ఉక్కు ఎవరి చేతిలో ఉంటే యుద్ధం వాళ్ల చేతిలో. అక్కడి నుంచి ఉక్కు కంపెనీకీ ప్రభుత్వానికీ మధ్య గోడ పల్చబడుతూ వచ్చింది.

1926కి వద్దాం. జర్మనీ, ఫ్రాన్స్, బెల్జియం, లక్సెంబర్గ్, సార్ ప్రాంతాల ఉక్కు యజమానులు కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నారు. ఎవరు ఎంత ఉక్కు చేయాలో వాళ్లలో వాళ్లే పంచుకున్నారు. వాటా దాటి ఎక్కువ చేస్తే జరిమానా. దీనికి నాయకుడు లక్సెంబర్గ్‌కు చెందిన ఎమిల్ మేరిష్. అంటే అప్పుడు వాళ్లకు లాబీయింగ్ అవసరమే పెద్దగా రాలేదు. రూలు వాళ్లే రాసుకున్నారు. దీన్నే కార్టెల్ అంటారు.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం. ఉక్కు ఎంత పని చేస్తుందో అందరూ చూశారు. 1950 మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ ఒక ప్రకటన చేశాడు. ఫ్రాన్స్, జర్మనీల బొగ్గునీ ఉక్కునీ కలిపి ఒకే ఉమ్మడి సంస్థ కింద పెడదాం, ఇక యుద్ధం చేసుకోవాలన్నా కుదరకుండా చేద్దాం అని. ఈ ప్లాను తయారుచేసింది జా మోనే అనే ఆయన, కొద్దిమంది మనుషులతో, రహస్యంగా. ఇక్కడ ఆసక్తికరమైన సంగతి ఏందంటే, ఆయన ఉక్కు యజమానులను అడగలేదు. వాళ్లకు తెలిస్తే మొదట్లోనే తొక్కేస్తారని అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. ఫ్రాన్స్ ఉక్కు యజమానుల సంఘం తర్వాత ఈ ప్లాను మీద గట్టిగానే పోరాడింది. కార్టెల్ పెట్టుకోకూడదన్న నిబంధన వాళ్లకు అసలే నచ్చలేదు.

అయినా 1951 ఏప్రిల్ 18న పారిస్‌లో ఒప్పందం మీద ఆరు దేశాలు సంతకాలు చేశాయి. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్. అదే యూరోపియన్ బొగ్గు, ఉక్కు సంఘం. ఇవాళ్టి 27 దేశాల యూరోపియన్ యూనియన్‌కు పునాది రాయి అదే. ఒక్కసారి ఆలోచించండి. యూరోపియన్ యూనియన్ పుట్టిందే ఉక్కు మీద పుట్టింది. అందుకే అక్కడ ఉక్కు మాట వేరే పరిశ్రమల మాట లాంటిది కాదు.

ఆ ఒప్పందంలోనే ఒక కమిటీ ఉంది. కన్సల్టేటివ్ కమిటీ, అంటే సలహా సంఘం. 30 నుంచి 51 మంది సభ్యులు. ఉత్పత్తిదారులు, కార్మికులు, వాడకందారులూ వ్యాపారులూ, ఈ మూడు వర్గాలకూ సమాన సంఖ్యలో సీట్లు. 1950లో గది బయట నిలబెట్టిన ఉక్కు యజమానికి 1952 నాటికి గది లోపల కుర్చీ దొరికింది. దొంగదారిన కాదు, ఒప్పందంలోనే రాసి ఇచ్చారు. మెచ్చుకోవాల్సిందేంటంటే కార్మికుడికీ, కొనేవాడికీ కూడా అంతే సంఖ్యలో కుర్చీలు ఇచ్చారు. కానీ ఆ మూడు వర్గాలూ ఆ ఆరు దేశాలవే. ఆ రూళ్ల ప్రభావం పడే బయటి దేశాల వాళ్లకు సహజంగానే చోటు లేదు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన ఘట్టం. ఎందుకంటే ఇది సరిగ్గా మన కొత్తూరు కథలా ఉంటుంది.

1970ల మధ్యలో ప్రపంచమంతా ఉక్కుకు గిరాకీ పడిపోయింది. యూరప్‌లో పెద్ద పెద్ద ప్లాంట్లు నష్టాల్లో కూరుకుపోయాయి. అప్పుడే, 1976లో, యూరోఫర్ పుట్టింది. అదే సమయంలో ఉత్తర ఇటలీలో బ్రెషియా అనే ఊరి చుట్టుపక్కల చిన్న చిన్న ఉక్కు మిల్లులు మాత్రం బాగా నడుస్తున్నాయి. వాళ్లను "బ్రెషియానీ" అనేవాళ్లు. వాళ్లు ఏం చేసేవాళ్లో తెలుసా? పాత ఇనుము తెచ్చుకుని, కరెంటు కొలిమిలో కరిగించి, కాంక్రీటులో వేసే సలాకలు చేసేవాళ్లు. తక్కువ ఖర్చు, తక్కువ ధర. పెద్ద కంపెనీలు వాళ్లతో పోటీ పడలేకపోయాయి.

1977లో యూరోపియన్ కమిషన్‌లో పరిశ్రమల బాధ్యత చూసే ఎతియెన్ దావిన్యోఁ ఒక ప్లాను తెచ్చాడు. చాలా రకాల ఉక్కుకు "ఈ ధరకు అమ్మితే బాగుంటుంది" అని సలహా ధరలు పెట్టారు. కానీ ఒక్క సరుకుకు మాత్రం సలహా కాదు, తప్పనిసరి కనీస ధర పెట్టారు. అంతకంటే తక్కువకు అమ్మకూడదు. ఆ సరుకు ఏది? కాంక్రీటు సలాక. బ్రెషియా చిన్న మిల్లులు చేసే సలాక.

యూరప్ లోపలే, ఒకే కూటమి లోపలే, చిన్నవాడు తక్కువ ధరకు అమ్మితే పెద్దవాడికి ఇబ్బంది అని రూలు వచ్చింది. పెద్ద కంపెనీల దగ్గర లక్షల ఉద్యోగాలు ఉన్నాయి. అవి పోతే ప్రభుత్వాలు కూలుతాయి. ఆ భయం నిజమైనదే. ఫ్రాన్స్‌లో లొరెయిన్ ప్రాంతం లోంగ్వీ పట్టణంలో 1979లో ఉక్కు కార్మికులు వీధుల్లోకి వచ్చారు. బ్రిటన్‌లో 1980లో దేశవ్యాప్తంగా ఉక్కు సమ్మె జరిగింది. ఈ కార్మికుల బాధను నేను తక్కువ చేయను. కానీ గుర్తుపెట్టుకోండి, పెద్ద కంపెనీ చేతిలో అన్నిటికన్నా బలమైన మాట ఎప్పుడూ "ఉద్యోగాలు" అనేదే. చిన్న మిల్లులో కూడా ఉద్యోగాలుంటాయి. అక్కడ 50 మంది, ఇక్కడ 80 మంది. అవి విడివిడిగా ఉంటాయి కాబట్టి లెక్కలోకి రావు.

1980 అక్టోబర్‌లో కమిషన్ ఇంకా ముందుకు పోయింది. ఉక్కు రంగంలో "స్పష్టమైన సంక్షోభం" ఉందని ప్రకటించి, ఏ కంపెనీ ఎంత ఉత్పత్తి చేయాలో కోటాలు పెట్టింది. అవి 1988 దాకా నడిచాయి. 1926లో యజమానులు తమలో తాము చేసుకున్న పనే ఇది. తేడా ఒక్కటే, ఈసారి ప్రభుత్వ ముద్ర ఉంది.

దీనికి ఒక తోక కూడా ఉంది. 1994లో అదే కమిషన్, ఉక్కు దూలాలు చేసే కంపెనీలు ధరలు కలిసి ఫిక్స్ చేసుకున్నాయని 10 కోట్ల ఎకూలకు పైగా జరిమానా వేసింది. ఎకూ అంటే యూరో రాకముందు అక్కడి ఉమ్మడి లెక్క. అప్పుడు కంపెనీలు కోర్టులో ఏం వాదించాయో తెలుసా? "సంక్షోభం రోజుల్లో మమ్మల్ని కలిసి మాట్లాడుకోమని ప్రోత్సహించిందే మీ ఆఫీసర్లు కదా" అని. కోర్టు కొందరికి జరిమానా తగ్గించింది కానీ మొత్తానికి వదిలిపెట్టలేదు. ఇరవై ఏళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుంటే, ఎవరు నియమాలు పెట్టేవాళ్లో ఎవరు పాటించేవాళ్లో వాళ్లకే గీత కనపడకుండా పోతుంది.

ఇక మన కాలానికి వద్దాం.

2005లో యూరప్‌లో కార్బన్ పర్మిట్ల పద్ధతి మొదలైంది. ఫ్యాక్టరీ ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలితే అన్ని పర్మిట్లు చూపించాలి. కాలుష్యానికి ఖరీదు కట్టడం అన్నమాట. ఉక్కు కంపెనీలు వెంటనే ఒక మాట అన్నాయి: "మాకు ఖర్చు పెరిగితే ఉత్పత్తి చైనాకో, ఇండియాకో, టర్కీకో పోతుంది. ఇక్కడ ఉద్యోగాలు పోతాయి, అక్కడ పొగ పెరుగుతుంది." ఇందులో తర్కం ఉంది. అందుకని వాళ్లకు పర్మిట్లలో ఎక్కువ భాగం ఉచితంగా ఇచ్చారు.

ఎన్ని ఉచితం? అక్కడే అసలు లాబీయింగ్ ఉంటుంది. కరిగిన ఇనుము టన్నుకు 1.328 పర్మిట్లు అని లెక్క కట్టారు. ఈ దశాంశ బిందువు తర్వాత అంకెలున్నాయి చూడండి, కోట్ల యూరోలు అక్కడ ఉంటాయి. కొలిమి నుంచి వచ్చే వృథా గ్యాసును ఎవరి ఖాతాలో వేయాలి అన్న దాని మీద యూరోఫర్ 2011లో ఏకంగా కమిషన్ మీదే కోర్టుకు పోయింది. 2012లో కోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేమని కొట్టేసింది. కానీ ఆలోచించండి, వృథా గ్యాసు లెక్క మీద వాదించడానికి ఇంజనీర్లు, లాయర్లు, ఆర్థికవేత్తలు కావాలి. వాళ్లకు నెల నెలా జీతాలు ఇవ్వాలి. ఆ స్తోమత ఎవరికుంటుంది?

పైగా 2008 తర్వాత మాంద్యం వచ్చి ఉత్పత్తి తగ్గింది. ఉచిత పర్మిట్లు మాత్రం ముందే లెక్క కట్టి ఇచ్చినవి. మిగిలినవాటిని దాచుకోవచ్చు, అమ్ముకోనూవచ్చు. కాలుష్యం తగ్గించడానికి పెట్టిన పద్ధతి కొన్ని కంపెనీలకు ఆస్తిగా మారింది.

తర్వాత 2018. అమెరికాలో ట్రంప్ దిగుమతి ఉక్కు మీద 25 శాతం సుంకం వేశాడు. అమెరికాకు పోలేని ఉక్కు అంతా మా మీద పడుతుందని యూరప్ కంపెనీలు అన్నాయి. ఆ ఏడాది జులైలోనే యూరప్ తాత్కాలికంగా, 2019 ఫిబ్రవరిలో పూర్తి స్థాయిలో కోటాలు పెట్టింది. కోటా దాటితే 25 శాతం సుంకం. పొడిగిస్తూ పొడిగిస్తూ దాన్ని 2026 జూన్ 30 గడువు దాకా తెచ్చారు. అంతకంటే ఎక్కువ కాలం ప్రపంచ వాణిజ్య నిబంధనలు ఒప్పుకోవు. అందుకే 2025 అక్టోబర్ 7న కమిషన్ కొత్త పద్ధతి ప్రతిపాదించింది. సుంకం లేకుండా వచ్చే కోటాను 47 శాతం తగ్గించి ఏడాదికి 1 కోటి 83 లక్షల టన్నులకు తేవాలని, దాటితే 50 శాతం సుంకం వేయాలని. యూరోఫర్ స్వాగతించింది. ఉక్కు కొనే కార్ల కంపెనీల సంఘం మాత్రం ఇది మరీ ఎక్కువ అంది.

మధ్యలో ఇంకోటి వచ్చింది. సీబామ్. సరిహద్దు కార్బన్ పన్ను అనుకోండి. 2023 అక్టోబర్ 1 నుంచి లెక్కలు మాత్రం చూపించమన్నారు. 2026 జనవరి 1 నుంచి అసలు భారం మొదలు. మన ఉక్కు అక్కడికి పోవాలంటే, దాన్ని చేసేటప్పుడు ఎంత కార్బన్ వదిలామో దానికి తగ్గ ఖరీదు అక్కడి దిగుమతిదారు కట్టాలి. మన దేశంలో టన్ను ఉక్కుకు సగటున సుమారు 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ప్రపంచ సగటు 1.9 చుట్టూ ఉంది. అంటే భారం మనకు ఎక్కువే.

వాతావరణం కోసం ఇది అవసరమే అనేవాళ్లున్నారు, వాళ్ల మాటలో నిజముంది. కానీ యూరప్ కంపెనీలు అడిగింది ఏంటో చూడండి: బయటివాళ్ల మీద సరిహద్దు పన్ను కావాలి, అదే సమయంలో మా ఉచిత పర్మిట్లు కూడా వీలైనంత కాలం ఉండాలి. చివరికి ఉచిత పర్మిట్లు 2026 నుంచి 2034 వరకు మెల్లమెల్లగా తగ్గిపోయేలా చట్టం వచ్చింది. అడిగిందంతా దొరకలేదు. దొరికింది మాత్రం తక్కువేం కాదు.

2024 ఫిబ్రవరి 20న బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో 70 మందికి పైగా పరిశ్రమ పెద్దలు ఒక డిక్లరేషన్ ఇచ్చారు. కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లేయెన్ అక్కడే ఉన్నారు. 2025 మార్చి 4న ఆమే ఉక్కు రంగంతో ప్రత్యేకంగా సమావేశం పెట్టారు. సరిగ్గా 15 రోజులకు, మార్చి 19న, ఉక్కు కోసం యాక్షన్ ప్లాన్ వచ్చింది. తుక్కు బయటికి పోవడం మీద కూడా చర్యలు ఆలోచిస్తామని అందులో ఉంది. మళ్లీ తుక్కు. మళ్లీ మన కొలిమి.

మరి వాళ్ల మాట ఎందుకు వినపడుతుంది? ఇదంతా చదివినాక నాకు అర్థమైంది నాలుగు సంగతులు. ఒకటి, వాళ్లు ఎప్పుడూ అక్కడే ఉంటారు. చట్టం వచ్చినాక ధర్నా చేయరు, ముసాయిదా కంటే ముందే పోయి కూర్చుంటారు. రెండు, ప్రభుత్వానికి కావాల్సిన లెక్కలు వాళ్ల దగ్గరే ఉంటాయి. మూడు, కార్మిక సంఘాలను పక్కన నిలబెట్టుకుంటారు. నాలుగు, బ్రస్సెల్స్‌లో పని కాకపోతే బెర్లిన్‌లోనో, రోమ్‌లోనో తమ సొంత ప్రభుత్వంతో చెప్పిస్తారు. ఇందులో లంచం లేదు, కవర్లు లేవు. అయినా పని అవుతుంది.

మనం మాత్రం తక్కువ తిన్నామా? 2025 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వం కొన్ని రకాల దిగుమతి ఉక్కు మీద 200 రోజులకు 12 శాతం తాత్కాలిక సుంకం వేసింది. అది ఇండియన్ స్టీల్ అసోసియేషన్ దరఖాస్తు మీద వచ్చింది. ఆ సంఘం పెద్ద కంపెనీలది. ఆ ఉక్కు కొని విడిభాగాలు చేసుకునే చిన్న యూనిట్లు మాకు ఖర్చు పెరుగుతుందని మొత్తుకున్నాయి. బ్రెషియా కథ బ్రెషియాలోనే అయిపోలేదు.

ఇప్పుడు మా పక్క జిల్లా కథ ఒకటి చెప్పి ముగిస్తాను. నల్గొండ.

నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోయిన మనుషులు ఎంతమందో మీకు తెలుసు. వాళ్లు ఎన్నేళ్లు అడిగినా కృష్ణా నీళ్లు రాలేదు. వాళ్లకు ఢిల్లీలో ఆఫీసు లేదు. లెక్కలు చెప్పే ఆర్థికవేత్తలు లేరు. 1996లో జలసాధన సమితి పిలుపుతో వాళ్లు ఒక పని చేశారు. లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ సీటుకు కుప్పలు కుప్పలుగా నామినేషన్లు వేశారు. మొత్తం 480 మంది అభ్యర్థులు. బ్యాలెట్ పేపర్ కాస్తా పుస్తకం అయింది. అక్కడ పోలింగే వాయిదా వేయాల్సి వచ్చింది. దేశమంతా నల్గొండ వైపు చూసింది.

చట్టం చేసేవాళ్లకు వినపడింది. ఏం చేశారు? నీళ్లు రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. కానీ లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచడం మాత్రం ఆ ఏడాదే జరిగిపోయింది. అదే సంవత్సరం తమిళనాడులో మొదకురిచి అసెంబ్లీ సీటుకు వెయ్యి మందికి పైగా పోటీ చేశారు. ఇలాంటివి మళ్లీ జరగకుండా ఆ దారి మూసేశారు.

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. లోపల కుర్చీ ఉన్నవాళ్లు మెల్లగా మాట్లాడితే రూలు వాళ్లవైపు కొంచెం వంగుతుంది. కుర్చీ లేనివాళ్లు ప్రాణం పెట్టి అరిస్తే, మొదట మారేది వాళ్లు అరిచిన పద్ధతి మీద రూలు.

అందుకని నేను చెప్పేది, యూరప్ వాళ్లు చెడ్డవాళ్లు, మనం మంచివాళ్లం అని కాదు. 1951లో వాళ్లే ఒక మంచి పని చేశారు. ఉత్పత్తిదారుకు కుర్చీ ఇస్తూ, కార్మికుడికీ కొనేవాడికీ కూడా అన్నే కుర్చీలు వేశారు. ఆ ఆలోచన మనం తెచ్చుకోవచ్చు. 2014 చివర నుంచి యూరప్ కమిషనర్లు ఏ లాబీయిస్టును ఎప్పుడు కలిశారో వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఫోన్ ఉన్న ఎవరైనా చూసుకోవచ్చు. మన మంత్రులు ఏ కంపెనీ వాళ్లను ఎప్పుడు, దేని గురించి కలిశారో మనం అట్లా చూసుకోగలమా? ఈ ప్రశ్న అడగడానికి ఇంజనీర్లు అక్కర్లేదు, లాయర్లు అక్కర్లేదు.

2027 మే 21 ఎంతో దూరం లేదు. ఆ లిస్టులో భారత్ పేరు ఉంటుందా, ఏ షరతులతో ఉంటుంది, మన చిన్న కొలిమిల తరఫున ఎవరు మాట్లాడుతున్నారు అన్నది చూస్తూ ఉండండి. ఈసారి హైవే మీద కొత్తూరు దాటేటప్పుడు ఒక తుక్కు లారీ కనపడితే ఈ కథ గుర్తు చేసుకోండి. ఉంటాను, నమస్తే.